తోక లెక్క

పందెపు గుర్రం మీద మొన్న ఒక మిత్రుడు రాసిన టపా చదివాను. భాష బావుంది. గాలికెగిరే జూలు, నేలను తాకీ తాకనట్టుండే డెక్కలు, మూడు వందల యేళ్ళ వంశచరిత్ర, ఆఖరి రెండు వందల గజాలలో గుండెలవిసిపోయే ఉత్కంఠ, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఒక్కటే. ఆ గుర్రం చివరికి ఏమయింది? టపా గెలుపు గీత దగ్గర ఆగిపోయింది. గుర్రం అక్కడ ఆగదు కదా! నాలుగైదేళ్ళ వయసుకే చాలా గుర్రాలకు పరుగు ముగుస్తుంది. ఆయుష్షేమో పాతికేళ్ళు, ఒక్కొక్కసారి ముప్ఫై. మిగిలిన ఇరవయ్యేళ్ళ మాటేమిటి? వ్యాఖ్యగా రాద్దామని మొదలుపెడితే అది పెరిగి ఇంతయింది. మిత్రుడు మన్నించుగాక. మన్నించకపోయినా ఫరవాలేదు, జవాబు చెబితే చాలు.

ముందుగా నా అర్హత చెప్పుకోవాలి. నేను పందేలరాయుణ్ణి కాను, గుర్రమెక్కిన వాణ్ణీ కాను. మాది హిందూపురం, అంతే. ఈ ఊరి పేరులోనే గుర్రపు డెక్కల చప్పుడుంది. గుత్తి నేలిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే తన తండ్రి హిందూరావు పేర నిలిపిన పేట ఇది. మురారిరావు బలమంతా గుర్రపు దళమే. ఆంగ్లేయులూ ఫ్రెంచివారూ నవాబులూ వంతులవారీగా ఆయన రావుతులను అద్దెకు తీసుకున్నవారే. 1776లో హైదరు అలీ గుత్తిని పట్టుకొని ఆయన్ను కబ్బాళదుర్గంలో బంధించాడు. అక్కడే ఆయన కథ ముగిసింది. ఆ గుర్రాల కథ ఎక్కడ ముగిసిందో ఎవరూ రాయలేదు. సరే, అది చరిత్రకారుల పని.

నా చిన్నతనంలో ఊళ్ళో మిగిలిన గుర్రాలు జట్కా గుర్రాలు. మా వీధి చివర జట్కా తోలే సాయబును పిల్లలమంతా 'మామూ' అనేవాళ్ళం. ఆయన ఒక ఏడు తన ముసలి తట్టువను అమ్మేసి, బెంగుళూరులో ఒక దళారి దగ్గర పందేల నుంచి తప్పించిన గుర్రాన్ని కొనుక్కొచ్చాడు. సగం సొమ్ము అప్పు. ఎర్రటి గుర్రం, నొసట చుక్క. కాళ్ళు చూస్తే ఇంత సన్నటి కాళ్ళ మీద అంత దేహం ఎలా నిలబడిందా అనిపించేది. దానికి ఇంగ్లీషులో బారెడు పేరు ఉండేదట. మామూ దాన్ని 'చాంద్' అన్నాడు.

ఊరంతా దాన్ని చూడటానికి వచ్చింది. వారం తిరిగేసరికి మామూకు విషయం అర్థమైంది. చాంద్‌కు నడక రాదు. రెండే తెలుసు: నిలబడటం, దౌడు తీయటం. నొగల మధ్య నిలబెడితే ఒళ్ళంతా వణికేది. ముందు ఇంకొక జట్కా పోతుంటే ఓర్చుకోలేకపోయేది, దాన్ని దాటేదాకా కళ్ళెం లెక్కచేసేది కాదు. రైలుస్టేషనులో గంట కొడితే చాలు, అది తన పందెం మొదలైందనుకునేదో ఏమో, చెవులు వెనక్కి వాల్చి ఒక్క ఉదుటున లంఘించేది. ఒకసారి ఒక పెళ్ళిబృందం మూటాముల్లెతో సహా రోడ్డు మీద పడింది. నవ్వకండి, ఆ దెబ్బతో మామూ బండి ఎక్కేవాళ్ళు సగమయ్యారు. పలుచటి తోలు, ఈగ వాలినా చిరాకే. మన ఉలవలు మొదట మూతి కూడా పెట్టలేదు. కంకర రోడ్ల మీద డెక్కలు పగిలాయి. మూడో ఎండాకాలంలో రైలుగేటు దగ్గర కూలబడింది, మళ్ళీ లేవలేదు. మునిసిపాలిటీ బండి వచ్చి ఈడ్చుకుపోయే ముందు మామూ దాని తోక వెంట్రుకలు ఒక గుప్పెడు కత్తిరించి దారంతో కట్టి ఇంట్లో గూట్లో పెట్టుకున్నాడు. అప్పటికి అప్పు ఇంకా తీరలేదు. ఆ గుర్రం ఎన్ని పందేలు గెలిచిందో, అసలు గెలిచిందో లేదో, మామూకూ తెలియదు, నాకూ తెలియదు. దాని తండ్రి పేరు ఏదో పుస్తకంలో తప్పక ఉంటుంది. దాని చావు మాత్రం ఆ గూట్లోనే ఉండేది.

ఆ వెంట్రుకల గుప్పెడు చాలా యేళ్ళ తరవాత నాకు ఒక పుస్తకం చదువుతుండగా గుర్తొచ్చింది.

పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ నూనిజ్ పదహారో శతాబ్దంలో విజయనగరంలో ఉండి తన వృత్తాంతం రాశాడు. అందులో సాళువ నరసింహుడి గుర్రాల కొనుగోలు సంగతి ఒకటి చెబుతాడు. ఓర్ముజు నుంచి గుర్రాలు ఓడల్లో వచ్చేవి. దారిలో చాలా చచ్చేవి. రాజు వెయ్యి పర్దాలకు మూడు గుర్రాల చొప్పున, బతికినవైనా చచ్చినవైనా కొనేవాడట. సముద్రంలో చచ్చినదానికి ఋజువుగా తోక తెచ్చి చూపిస్తే, బతికిన గుర్రానికి ఇచ్చినట్టే సొమ్ము లెక్కపెట్టి ఇచ్చేవాడట. ఆ నరసింహుడి కొడుకునే తరవాత తుళువ నరస నాయకుడు పెనుకొండ కోటలో కాపలా పెట్టి ఉంచాడు. 1565 పరాజయం తరవాత తిరుమలరాయలు రాజధానిని మార్చుకున్నదీ పెనుకొండకే. అంటే నేను మాట్లాడుతున్నది ఎక్కడో దేశాంతరపు ముచ్చట కాదు, మా ఇంటి నుంచి రైల్లో గంటసేపు దూరంలోని కోట లెక్క.

ఇది దయ అని నేననటం లేదు. రాజుకు గుర్రం ఆయుధం. తోకకు సొమ్మివ్వకపోతే వర్తకుడు మరుసటి యేడు ఓడను బహమనీల వైపు తిప్పుతాడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెబుతూ, ఏనుగులనూ మేలైన గుర్రాలనూ తెచ్చే దూరదేశపు వర్తకులకు ఊళ్ళూ ఇళ్ళూ ఇచ్చి, కొలువులో దర్శనమిచ్చి, లాభం చూపి మనవాళ్ళను చేసుకోవాలి, లేకపోతే ఆ సరుకు శత్రువుకు చేరుతుందన్నాడు. లెక్క పచ్చి రాజకీయం. ఆయన కాలంలో యేటా 13 వేల గుర్రాలు కొనేవారని అదే నూనిజ్ రాశాడు, ఓర్ముజువీ నాటువీ కలిపి. ప్రతి యేడూ అన్ని కొనవలసి రావటమే చెబుతుంది, కొన్నవి ఎన్నాళ్ళు బతికేవో. అంతకు రెండు శతాబ్దాల ముందే మార్కో పోలో దక్షిణ తీరంలో గుర్రాలు నిలవకపోవటం చూసి విస్తుపోయాడు, వాటికి వండిన అన్నమూ మాంసమూ పెడుతున్నారని ఆశ్చర్యపోయాడు. గుర్రాల లక్షణాల మీద మనుమంచి భట్టు తెలుగులో పద్యకృతి చేసిన జాతి మనది. సుడులు ఎక్కడుంటే శుభమో, ఎక్కడుంటే యజమానికి చేటో పద్యాలలో చెప్పగలం. ఆ గుర్రాల వంశం మాత్రం ఇవాళ పెనుకొండలో ఒక్కటీ లేదు. లేపాక్షికి వెళ్ళి చూడండి, మనవాళ్ళు ఏకశిలలో చెక్కి నిలబెట్టింది బసవణ్ణను.

అయినా ఒక మాట ఒప్పుకోక తప్పదు. ఆ క్రూరమైన లెక్కలో కూడా చచ్చిన గుర్రానికి ఒక గడి ఉంది. తోక చూపించందే ఆ గడి నిండదు. ఇవాళ్టి పందెపు గుర్రానికి ఆ మాత్రపు గడి కూడా లేదన్నది నా ఫిర్యాదు.

మిత్రుడు వంశగౌరవం గురించి పరవశించాడు కనుక అక్కడికే వస్తాను. థరోబ్రెడ్ అనే జాతిని ఇంగ్లండులో పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాలలో తయారుచేశారు. అక్కడి ఆడగుర్రాలకు పశ్చిమాసియా మగగుర్రాలను కట్టారు. ఇవాళ ప్రపంచంలో ఉన్న ప్రతి థరోబ్రెడ్డూ మగ వరసలో మూడింటికే చేరుతుంది: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. అందులో డార్లీని 1704లో అలెప్పోలో కొన్నారు. మన రాయలు కొన్నదీ, ఆంగ్లేయ దొర కొన్నదీ అటువైపు గుర్రాన్నే. మనం దాన్ని యుద్ధంలో ఖర్చుపెట్టాం, వాళ్ళు పుస్తకం రాశారు. 1791లో వచ్చిన వంశావళి గ్రంథం నేటికీ కొనసాగుతోంది. మన దేశపు థరోబ్రెడ్డుల వంశావళి పుణెలో ఉంటుంది. ఇదంతా గొప్పే, కాదనను. 1764లో సూర్యగ్రహణం నాడు పుట్టినందుకు 'ఎక్లిప్స్' అని పేరు పెట్టిన గుర్రం పదునెనిమిది పందేలు పరుగెత్తి ఒక్కటీ ఓడలేదు. 1789లో చస్తే దాని అస్థిపంజరాన్ని కూడా భద్రపరిచారు, ఇప్పటికీ ఇంగ్లండులోని ఒక పశువైద్య కళాశాలలో ఉంది. గెలిచినవాడి ఎముక కూడా చరిత్రే. మిగతావాటి మాట?

మిగతావాటి దాకా ఎందుకు, గెలిచినవాటి మాటే చూద్దాం. మిత్రుడికి అమెరికా గుర్రాలంటే ఇష్టం కనుక 'ఫెర్డినాండ్' పేరు వినే ఉంటాడు. తండ్రి నిజిన్‌స్కీ. నిజిన్‌స్కీ తండ్రి నార్దర్న్ డాన్సర్. ఇంతకన్నా పెద్ద కులం ఆ లోకంలో లేదు. 1986లో కెంటకీ డెర్బీ గెలిచింది. దాని మీద స్వారీ చేసిన బిల్ షూమేకరుకు అప్పుడు 54 ఏళ్ళు. మరుసటి యేడు బ్రీడర్స్ కప్ క్లాసిక్‌లో అలీషీబాను ముక్కుపుల్లంత తేడాతో ఓడించి 1987కు అమెరికాలో ఆ యేటి మేటి గుర్రమయింది. మొత్తం సంపాదన 37 లక్షల డాలర్ల పైచిలుకు. తరవాత పేరుమోసిన క్షేత్రంలో పోతుగుర్రంగా నిలబెట్టారు. దాని పిల్లలు అంతగా గెలవలేదు. 1994లో జపానుకు అమ్మేశారు. అక్కడా మొదట కొన్నాళ్ళు ఆదరణ, తరవాత గిరాకీ తగ్గింది. చేతులు మారింది. 2002లో కబేళాకు చేరింది. ఈ సంగతి 2003లో ఒక గుర్రాల పత్రిక బయటపెట్టేదాకా, దాని కోసం వెర్రెత్తి అరిచిన అమెరికాకు తెలియనే తెలియదు. పత్రికవాళ్ళు వెదికితే జవాబులు మాటిమాటికీ మారాయి. ఎవరికో ఇచ్చేశాం, ఎక్కడుందో తెలియదు, అని. 37 లక్షల డాలర్లు తెచ్చిన జీవికి ఒక చిరునామా లేదు!

ఆ తరవాత అక్కడ కొంత సిగ్గుపడ్డారు. అమ్మకపు పత్రాలలో, నీకు అక్కర తీరితే మళ్ళీ మాకే అమ్మాలి అనే షరతు రాయటం మొదలైంది. ఆ యేడే, 2003లో, కెంటకీలో రిటైరైన గుర్రాలకు 'ఓల్డ్ ఫ్రెండ్స్' అనే ఆశ్రయం వెలిసింది. 1997లో డెర్బీ గెలిచిన 'సిల్వర్ చార్మ్' 2014లో జపాను నుంచి తిరిగొచ్చి అక్కడ చేరింది. ఆస్ట్రేలియాలో 2019లో అక్కడి ప్రభుత్వ టీవీ కబేళా దృశ్యాలు చూపించేదాకా పందేలవాళ్ళు అంతా సవ్యంగానే ఉందన్నారు. బయటపడ్డాకే కళ్ళు తెరిచారు. మనకు ఇంకా బయటపడలేదు, అంతే తేడా. లేక బయటపడుతున్నా మనం తల తిప్పుకుంటున్నామా? 2025లో ఏప్రిల్ ఆఖరు, మే మొదటి రోజుల్లో, ఆ మండుటెండల్లో, హైదరాబాదు నుంచి 57 గుర్రాలను జబల్పూరు దగ్గరి ఒక పల్లెకు తరలించారు. కొద్ది రోజుల్లోనే ఎనిమిది చచ్చిపోయాయన్న వార్త వచ్చింది. తరవాత ఆ లెక్క పెరుగుతూ పోయింది, వ్యవహారం మధ్యప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్ళింది. మన తెలుగు పత్రికల్లో అది ఎంత చోటు నోచుకుందో మీకే తెలుసు. అదే నెలలో ఏ గుర్రం ఏ కప్పు గెలిచిందో మాత్రం ఫొటోతో సహా పడింది.

ఇప్పుడు పునరుత్పత్తి లెక్క. "పరుగు మానేసిన గుర్రం పోతుగా హాయిగా బతుకుతుంది" అని మిత్రుడి వాక్యం. ఎన్ని గుర్రాలు? థరోబ్రెడ్డులలో కృత్రిమ గర్భధారణ నిషిద్ధం. మగదాన్ని ఆడదానికి ప్రత్యక్షంగా కట్టితేనే పిల్ల వంశావళికెక్కుతుంది. అయినా ఒక్క పోతుగుర్రం ఒక్క ఋతువులో యాభై, అరవై, గిరాకీ ఉంటే నూరు ఆడగుర్రాలకు సరిపోతుంది. యాభై అనుకుందాం. పిల్లల్లో సగం మగవి. అంటే పాతిక. ఆ పోతు పదేళ్ళు పనిచేస్తే రెండు వందల యాభై మగపిల్లలు. వాటిలో తండ్రి చోటుకొచ్చేవి ఎన్ని? ఒకటో రెండో. మిగిలినవాటిలో చాలావాటికి అసలు విత్తులే కొట్టించి ఉంటారు, స్వభావం లొంగుతుందని. ఆడవి కొంత నయం, కడుపు ఉన్నంతకాలం దాణా ఉంటుంది. పదకొండు నెలల చూలు, పిల్ల భూమ్మీద పడిన కొద్ది వారాలకే మళ్ళీ పోతు దగ్గరికి. 'హాయి' అనే మాట ఎవరిని అడిగి రాశాడో మరి.

ఇంత లెక్కలో నిలబడే పోతుకు మాత్రం కొదవేమీ ఉండదు. మా ఊరి నుంచి తుమకూరు మీదుగా వెళితే కుణిగల్ వస్తుంది. హైదరు, టిప్పుల కాలం నుంచీ గుర్రాలను పెంచిన చోటు. నాలుగు వందల ఎకరాల పైచిలుకు పచ్చిక. ఒకసారి రోడ్డు మీద నుంచి కంచె ఆవల తల్లుల వెంట గంతులేస్తున్న పిల్లలను చూశాను. చాలా అందంగా ఉన్నాయి. అబద్ధమాడను, అరగంటసేపు బస్సు గురించే మరిచిపోయాను.

సీరం సంగతి కూడా చెప్పాలి. పందేలు మానేసిన గుర్రాలలో కొన్ని పాముకాటు మందు తయారుచేసే చోట్లకు చేరతాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుకపింజరి విషాలను కొద్దికొద్దిగా ఎక్కించి, ఒంట్లో విరుగుడు పుట్టాక రక్తం తీసి, అందులోని ప్లాస్మా నుంచి మందు చేస్తారు. దీన్ని నేను తేలిగ్గా తిట్టలేను. మన దేశంలో పాముకాటుకు యేటా సుమారు 58 వేలమంది చస్తున్నారని 2020లో వచ్చిన అధ్యయనం. ఆంధ్రప్రదేశ్ ఎక్కువ చావులున్న రాష్ట్రాలలో ఒకటి. మా వేరుశనగ చేలల్లో కాటు తిని ఆ మందుతోనే బతికి బట్టకట్టినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ ఒంట్లో ఏ పందెపు గుర్రపు నెత్తురు తెచ్చిన విరుగుడో పనిచేసింది. అలాంటప్పుడు ఆ గుర్రం పేరును గెలుపుల పట్టిక పక్కన బంగారు అక్షరాలతో వేయవద్దా? ఫలానా యేడు ఫలానా కప్పు. ఆ తరవాత ఇన్నేళ్ళు విషం మింగి ఇంతమందికి ప్రాణం పోసింది, అని? దాచవలసిన అవసరమేముంది?

ఇక పందెం కాసేవాడి సంగతి. ధర్మవరంలో మా పెదనాన్నకు నాలుగు మగ్గాలుండేవి. గుంతకల్లు వైపు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరు వెళ్ళే రైలు ఆయన పాలిటికి శనైశ్చరుడయింది. చేతిలో చుట్టిన పందెపు పుస్తకం, జేబులో ఎర్రసిరా కలం. విన్, ప్లేస్, టనాలా, జాక్‌పాట్: ఈ మాటలు నేను ఎక్కాల కన్నా ముందు నేర్చుకున్నాను. ఏ గుర్రానికైనా నాలుగు తరాలు తడుముకోకుండా చెప్పేవాడు; ఒకసారి ఆబ్దికం పెట్టించే అయ్యగారు ముత్తాత పేరు అడిగితే తెల్లమొహం వేశాడు. మూడు మగ్గాలు ఆ రైలెక్కి పోయాయి. నాలుగోదాన్ని పెద్దమ్మ తన పేర రాయించుకొని నిలబెట్టింది. ఆయన్ను ఎప్పుడు నిలదీసినా ఒకటే మాట: "ఇది జూదం కాదురా, విద్య."

ఆయన మాటను తరవాత సుప్రీంకోర్టే ఖాయం చేసింది. తమిళనాడు 1974లో గుర్రప్పందేలను నిషేధిస్తూ చట్టం చేసింది. దాని మీద వ్యాజ్యం సాగి సాగి 1996 జనవరిలో తీర్పు వచ్చింది. గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడింది కనుక జూదం కాదన్నారు. మన 1974 నాటి జూద చట్టం కూడా ఊరి చావిట్లో పేకాటను పట్టుకుంటుంది, గుర్రప్పందేన్ని షరతుల మీద నిర్వచనంలోనే వదిలిపెడుతుంది. తీర్పుతో నాకు పేచీ లేదు. గుర్రపు వంశమూ శిక్షణా రౌతు నేర్పూ ఫలితాన్ని నిర్ణయిస్తాయన్నది నిజమే. కానీ అది ఎవరి నైపుణ్యం? పరుగెత్తేది ఒకటి, తోలేది ఒకడు, తర్ఫీదిచ్చేది మరొకడు. మా పెదనాన్న తన జన్మలో ఒక్క గుర్రాన్నీ తాకి ఎరగడు. ఆయన విద్యకు పెట్టుబడి గుర్రపు నరాలు. చట్టం ఆయన కాగితపు లెక్కకు విద్య అని కిరీటం పెట్టింది, గుర్రాన్ని ఆ విద్యకు పనిముట్టు చేసింది. అలా అని ఎద్దునూ అదే దృష్టితో చూసిందా? 2014లో జల్లికట్టు తీర్పులో, ఎద్దు దేహం పరుగుపందేనికి తగినది కాదు, గుర్రం సంగతి వేరు అన్నది. మా వైపు తిరునాళ్ళలో బండలాగుడు పోటీల మీద పట్నపు మేధావులు విరుచుకుపడతారు. రైతు ఆ ఎద్దును పోటీ మర్నాడు ఇంటికి తోలుకుపోతాడు, ఉలవగుగ్గిళ్ళు పెడతాడు. కొందరు దాన్నీ ముసలిదయ్యాక సంతకు తోలతారు, దాచను. ఆ సంతలో దానికి రసీదైనా ఉంటుంది.

సర్కారు మాత్రం తన వాటా మరిచిపోలేదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు గుర్రప్పందేనికి 28 శాతం. 2023 అక్టోబరు నుంచి పందెం కాసిన పూర్తి సొమ్ము మీద. 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. పాపపు పన్ను అని పేరు పెట్టారు. పాపం ఎవరిదో పన్నులో తెలుస్తూనే ఉంది. ఆ నలభైలో పరుగెత్తిన జీవి ముసలితనానికి అని కేటాయించిన పైసా ఎక్కడుంది?

నాకు రాబోయే జవాబులు తెలుసు. పందేలు లేకపోతే ఈ జాతే ఉండదు, అంటారు. నిజం కావచ్చు. 2012లో మన దేశంలో గుర్రాలూ తట్టువలూ కలిసి 6 లక్షల 25 వేలుంటే, 2019 పశుగణనలో 3 లక్షల 40 వేలకు పడిపోయాయి. జట్కా పోయింది, దానితో జట్కా గుర్రమూ పోయింది. రేపు పందెం పోతే ఇదీ పోతుంది. కానీ పుట్టించాం కనుక ఎలాగైనా పారేయవచ్చు అన్నది ఏ న్యాయం? కన్నందుకు పెంచాలి గానీ, కన్నందుకు చంపే హక్కు వస్తుందా? ఇంకొకటి, సాయీసులూ నాడాలు కొట్టేవాళ్ళూ గడ్డి కోసేవాళ్ళూ వేలమంది బతుకుతున్నారు, అంటారు. ఇది నాకు గట్టి మాటే. అందుకే నేను నిషేధం అడగటం లేదు. నిషేధం వచ్చిన మర్నాడు ముందుగా రోడ్డున పడేది సాయీసు, ఆ తరవాత గుర్రం. యజమాని ఎలాగూ పడడు. గుర్రానికి పరుగంటే ప్రాణం, అన్నది మూడో జవాబు. చాంద్‌ను చూసినవాణ్ణి, కాదనలేను. పరుగంటే ప్రాణం గనకనే అది నడక నేర్చుకోలేక చచ్చింది. ఇరవయ్యేళ్ళ నడక బతుకున్న జీవికి రెండేళ్ళ పరుగు మాత్రమే నేర్పి, సెలవు తీసుకున్నవాడెవడు?

నేను అడిగేది చాలా చిన్నది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. అక్కడ పుట్టిన ప్రతి కారుకూ ఇంజను నంబరు, చాసిస్ నంబరు. దాన్ని తుక్కు చేయాలంటే 2021 నిబంధనల ప్రకారం గుర్తింపు ఉన్న చోట అప్పగించాలి, వాళ్ళు ధ్రువపత్రం ఇవ్వాలి. ఇనుప ముక్కకు చావు కాగితం ఉంది. ఆ ఇంజను బలాన్ని ఇన్ని గుర్రాలు అని కొలవటానికి మాత్రం మనకు గుర్రం పేరు కావాలి! థరోబ్రెడ్డుకూ కారుకున్నంత గుర్తింపు ఇవాళ ఉంది: పుట్టగానే నమోదు, తల్లిదండ్రుల నిర్ధారణ, మెడలో మైక్రోచిప్. కావలసిన సరంజామా అంతా సిద్ధంగా ఉంది. చివరి గడి ఒక్కటే బహిరంగంగా తెరవాలి. ఎవరి చేతికి పోయింది, ఎక్కడుంది, ఎప్పుడు ఎలా చచ్చింది. వంశావళి వెదికేవాడికి తాతముత్తాతలు ఎలా దొరుకుతారో ఈ సంగతీ అలాగే దొరకాలి. ఖర్చంటారా, గెలిచిన ప్రతి బహుమతిలో నూటికి ఒక్క రూపాయి తీసి పక్కన పెడితే ఆ నమోదు నడవదూ? ఆశ్రయానికి అది చాలకపోవచ్చు. ముందు లెక్క బయటికొస్తే తక్కింది ఎంతో తెలుస్తుంది.

హైదరాబాదులో, నిజాము మహబూబ్ అలీ పాషా కాలంలో మౌలాలి నుంచి మలకపేటకు మారిన ఆ మైదానంలో, డెక్కన్ డెర్బీని అక్టోబరు రెండున నడపటం ఆనవాయితీ. గాంధీ జయంతి. ఆ రోజు కల్లు దుకాణాలు మూస్తారు, కబేళాలు మూస్తారు, పందెం కిటికీలు తెరుస్తారు. తెరవనివ్వండి. ఆ పందెపు పుస్తకంలో పరుగెత్తబోయే ప్రతి గుర్రానికీ తండ్రి పేరు, తల్లి పేరు, యజమాని, శిక్షకుడు, రౌతు, మోసే బరువు, కిందటి పందేల ఫలితాలు అచ్చవుతాయి. ఇంకొక్క పేజీ కలపమనండి. పదేళ్ళ కింద అదే డెర్బీలో పరుగెత్తిన గుర్రాల పేర్లు ఒక వరసలో, అవి ఇవాళ ఎక్కడున్నాయో ఎదుటి వరసలో. మిత్రుడు తన తరవాతి టపా ఆ పేజీ మీద రాస్తానంటే మొదటి వ్యాఖ్య నాదే.